నలుగురు సీతాపతుల ఆసుపత్రి

నీలాలవలస ఏరియా ఆసుపత్రికి ఇంకో సర్జన్ని ఇవ్వమని డాక్టర్ కోరాడ సీతాపతి ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చాడు. మత్తు డాక్టర్ని అడిగాడు. ఆపరేషన్ థియేటర్ పైకప్పు కారుతోంది, కనీసం దానిమీద కాస్త తారు పూయించమని అడిగాడు. అడిగినప్పుడల్లా రాజధాని నుంచి "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చేది. సీతాపతి నెమ్మదస్తుడు. పై అధికారులతో పేచీ పెట్టుకునే మనిషి కాడు. పరిశీలించేవాళ్ళు ఎక్కడో కూర్చుని పరిశీలిస్తూనే ఉన్నారులే అనుకుని, వానాకాలంలో ఆపరేషన్ బల్లని కారని మూలకి జరుపుకుని పని కానిచ్చేవాడు.

చివరికి ప్రభుత్వం కరుణించింది. సర్జన్ని పంపలేదు. మత్తు డాక్టర్ని పంపలేదు. తారు పంపలేదు. నాలుగు ఆరోగ్య విధానాలని పంపింది.

వాటిని వెంటబెట్టుకుని వచ్చినాయన పేరు హయగ్రీవ ప్రసాద్. హోదా ప్రత్యేకాధికారి. అంతకుముందు ఆయన చేపల శాఖలో ఉండేవాడు. ఆరోగ్య శాఖకి మారగానే రాజధానిలోని ఓ పెద్ద హోటల్లో రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. ప్రపంచంలో జనానికి వైద్యం చేయించే పద్ధతులు ప్రధానంగా నాలుగని అక్కడ తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి ఆయన స్థిమితంగా కూర్చోలేకపోయాడు.

వచ్చీ రాగానే ఆసుపత్రి సిబ్బందినంతా వరండాలో కూర్చోబెట్టి ప్రసంగించాడు.

"ఇంతకాలం ఈ ఆసుపత్రిలో రోగులకు వైద్యం జరుగుతూ వచ్చింది. కాదనను. కానీ అది ఏ విధానం ప్రకారం జరుగుతోందని అడిగితే మీలో ఒక్కరైనా చెప్పగలరా? ఇది మిక్కిలి శోచనీయం. బ్రిటన్ తీసుకోండి. అక్కడ ఆసుపత్రి ప్రభుత్వానిది, డాక్టరు ప్రభుత్వ ఉద్యోగి, ఖర్చు పన్నుల్లోంచి వస్తుంది. రోగి పైసా చెల్లించడు, తన వంతు వచ్చేదాకా ఆగుతాడు. జర్మనీ తీసుకోండి. పనిచేసేవాడూ, పని ఇచ్చినవాడూ చెరికొంత వ్యాధి నిధికి కడతారు. జబ్బు చేస్తే డాక్టరుకి ఆ నిధి చెల్లిస్తుంది. కెనడాలో డాక్టరు తన సొంత ప్రాక్టీసు తాను చేసుకుంటాడు గాని, బిల్లు మాత్రం ప్రభుత్వానికి పంపుతాడు. అక్కడ అందరికీ బీమా ఒక్కటే, ఇచ్చేది సర్కారు."

"నాలుగోది ఏ దేశం సార్?" అని అడిగింది హెడ్ నర్సు కరుణమ్మ.

"నాలుగోది జేబు విధానం. జేబులో ఉంటే వైద్యం, లేకపోతే లేదు. దీనికి ప్రత్యేకించి దేశం పేరు అవసరం లేదు. ఏ విధానమూ లేనిచోట సహజంగా మొలకెత్తేది ఇదే."

"వీటిలో మనం ఏది ఎంచుకుంటున్నాం సార్?" అన్నాడు సీతాపతి.

హయగ్రీవ ప్రసాద్ జాలిగా నవ్వాడు. "ఎంచుకోవడం తొందరపాటు అవుతుంది డాక్టరుగారూ. నాలుగింటినీ ఒకే కప్పు కింద ఏకకాలంలో అమలుపరిచి, తులనాత్మక అధ్యయనం చేస్తున్నాం."

ఆ కప్పు సంగతి చెబుదామని సీతాపతి నోరు తెరిచాడు. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి.

వారం తిరిగేసరికి వార్డులకి రంగులు పడ్డాయి. మగవాళ్ళ వార్డు బ్రిటన్ అయింది. ఆడవాళ్ళ వార్డు కెనడా అయింది. ప్రసవాల వార్డు జర్మనీలో కలిసింది. పిల్లల వార్డు జేబుకి పోయింది. మరి ఆడా మగా పిల్లాపాపా అంతా ఒకే వార్డులో కలిసి ఎలా ఉంటారంటే, ప్రతి దేశంలోనూ తెరలు కట్టారు. తెరలకి నిధులు మంజూరయ్యాయి. రంగులకి కూడా అయ్యాయి.

"సార్, ఇక్కడ సర్జన్ని నేనొక్కణ్ణే ఉన్నాను," అని మనవి చేసుకున్నాడు సీతాపతి.

"భౌతికంగా ఒక్కరే. విధానపరంగా మీరు నలుగురు," అన్నాడు హయగ్రీవ ప్రసాద్. "బ్రిటన్‌లో మీరు జీతగాడు. జర్మనీలో నిధితో ఒప్పందం ఉన్న వైద్యులు. కెనడాలో స్వతంత్రులు. జేబులో వ్యాపారి. ఈ నలుగురి మనస్తత్వాలూ వేరు. అందుకనే నాలుగు కోట్లు కుట్టించాం. ఒక వార్డు కోటుతో ఇంకో వార్డు గుమ్మం దాటితే అది విధానాల కల్తీ కిందకు వస్తుంది. ఆ విషయంలో నేను కొంచెం కఠినంగా ఉంటాను."

అలా సీతాపతి నలుగురయ్యాడు.

మొదట్లో అతనికి కాస్త నవ్వొచ్చింది. తర్వాత నవ్వడానికి తీరిక లేకుండా పోయింది. బ్రిటన్ కోటు అంచు నీలం, జర్మనీది పసుపు, కెనడాది ఎరుపు, జేబుది ఆకుపచ్చ. ఒక వార్డులోంచి కేక వినిపిస్తే పరిగెత్తే ముందు ఏ రంగు వేసుకున్నాడో చూసుకోవలసి వచ్చేది. గుమ్మం దగ్గర కోటు మార్చుకుంటూ ఒక చెయ్యి కెనడాలోనూ, ఒక చెయ్యి జర్మనీలోనూ ఇరుక్కున్న రోజులున్నాయి.

కెనడాలో పెద్ద డాక్టరు చూడాలంటే ముందు చిన్న డాక్టరు చూసి ఉత్తరం రాయాలి. చిన్న డాక్టరు సీతాపతే, పెద్ద డాక్టరూ సీతాపతే. అతను తనకి తాను ఉత్తరం రాసుకుని, అక్కడే చదువుకుని, కింద జవాబు రాశాడు. హయగ్రీవ ప్రసాద్ దాన్ని పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"పంపినవారూ, స్వీకరించినవారూ ఒకే రోజు సంతకం చేశారు. కెనడాలో ఇది అసాధ్యం. ఫలితాలు తారుమారవుతాయి."

"ఏం చెయ్యమంటారు సార్?"

"ఉత్తరాన్ని సొరుగులో పెట్టి కొంతకాలం ఊరనివ్వండి. పెద్ద డాక్టరుగారికి తీరిక దొరకాలి గదా."

ఆవకాయ ఊరినట్టు ఉత్తరాలు ఊరడం మొదలుపెట్టాయి. కెనడా వాళ్ళు మంచాల మీద కూర్చుని, ఎదురుగా తిరుగుతున్న సీతాపతిని చూస్తూ, సీతాపతి కోసం ఎదురుచూశారు.

జర్మనీలో ఇంకో తంతు ఉంది. అక్కడ డాక్టర్ల సంఘం, వ్యాధి నిధి వాళ్ళు కూర్చుని చికిత్సల రేట్లు మాట్లాడుకోవాలట. ముందుగా డాక్టర్ల సంఘం తమలో తాము ఏకాభిప్రాయానికి రావాలి. సంఘంలో సభ్యుడు సీతాపతి ఒక్కడే కాబట్టి అతన్ని ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. బయట హయగ్రీవ ప్రసాద్ ఆత్రంగా పచార్లు చేశాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన సీతాపతి లోపల బల్ల మీద తల వాల్చి హాయిగా నిద్రపోయాడు. మెలకువ వచ్చాక బయటికొచ్చి, "ఒప్పుకున్నాం సార్" అన్నాడు. చర్చలు అంత సుదీర్ఘంగా, ఒక్క గొడవైనా లేకుండా సాగడం చూసి హయగ్రీవ ప్రసాద్ చలించిపోయాడు. జర్మన్ల క్రమశిక్షణ మీద ఆ సాయంత్రం విలేకరులతో చాలాసేపు మాట్లాడాడు.

రోగి తన దేశాన్ని తాను ఎంచుకోకూడదు, ఎంచుకుంటే అధ్యయనం శాస్త్రీయం కాదు. అందువల్ల గేటు దగ్గర ఒక గుడ్డ సంచీ పెట్టారు. వచ్చినవాడు అందులో చెయ్యి పెట్టి ఒక రంగు పట్టీ తీసుకుని మణికట్టుకి కట్టుకోవాలి. ఏ రంగు వస్తే ఆ దేశం. నీలాలవలస జనం తొందరగానే ఆరితేరారు. ఎదుటి టీ కొట్టు దగ్గర "జొరానికి బ్రిటన్ సాలు, ఇరిగితే మాత్రం జర్మనీ తగలాల, కెనడా అయితే సద్ది కట్టుకుని రండి" అని ఒకరికొకరు సలహాలు చెప్పుకునేవారు. పట్టీలు అక్కడే చేతులు మారేవి. ఆకుపచ్చ పట్టీ వచ్చినవాడి ఇంటివాళ్ళు మాత్రం గేటు దగ్గరే కూలబడి, "మా మావకి జేబొచ్చినాది తల్లో" అని ఏడిచేవారు. కొన్నాళ్ళకి జేబొచ్చిందన్న మాట క్షయ వచ్చిందన్న మాటలా వినపడసాగింది.

సీతాపతి ఇదంతా చూస్తూ ఊరుకున్నాడు. అతనికి తెలుసు, ఆ దేశాల వాళ్ళు వెర్రివాళ్ళు కారు. వైద్యం ఖర్చు ఎవరు భరించాలని కొట్లాడుకుని, కిందామీదా పడి, ఏదో ఒక దారి పట్టుకున్నారు. పట్టుకున్న దారికి తగ్గట్టు డాక్టర్లనీ, డబ్బునీ సమకూర్చుకున్నారు. లోపాలుంటే ఇవాళ్టికీ సరిదిద్దుకుంటున్నారు. ఆ కొట్లాటా, ఆ డబ్బూ, ఆ డాక్టర్లూ అక్కడే ఉండిపోయి, నీలాలవలసకి రంగులు మాత్రం వచ్చాయి. ఇంత స్పష్టంగా తెలిసీ అతను ఎవరితోనూ అనలేదు. అడిగినచోట సంతకం పెట్టాడు, చెప్పిన కోటు తొడుక్కున్నాడు. పై అధికారి మాటకి ఎదురు చెప్పడం అతనికి ఏనాడూ చేతకాలేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం తవిటయ్య వచ్చాడు.

తవిటయ్య పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. బక్కపల్చటి మనిషి, బుగ్గలు మాత్రం పెద్దవి. గజ్జల్లో ఒక బుడిపె చాలాకాలంగా ఉంది. గట్టిగా ఊదితే బయటికొచ్చేది, పాట మధ్యలో డోలు వాయించేవాడికి వంతు వచ్చినప్పుడు చేత్తో లోపలికి నొక్కుకుని మళ్ళీ అందుకునేవాడు. ఆ వేళ ఊరేగింపులో నొక్కితే అది లోపలికి పోలేదు. మళ్ళీ నొక్కాడు, పోలేదు. రోడ్డు మీదే చతికిలబడి వాంతులు చేసుకున్నాడు. పెళ్ళాం నూకాలమ్మ ఆటోలో వేసుకుని తెచ్చింది. యూనిఫాం ఇంకా ఒంటి మీదే ఉంది, భుజాల మీద జరీ కుచ్చులతో సహా. క్లారినెట్ ఆమె చంకలో ఉంది.

సంచీలోంచి పసుపు పట్టీ వచ్చింది. జర్మనీ. గేటు దగ్గర చూసినవాళ్ళు అదృష్టవంతుడన్నారు.

సీతాపతి పసుపు అంచు కోటు తొడుక్కుని వచ్చి చెయ్యి వేశాడు. వాపు రాయిలా గట్టిగా, వేడిగా ఉంది. ముట్టుకుంటే తవిటయ్య పళ్ళు బిగించి మెలికలు తిరిగాడు. పేగు బయటికొచ్చి మెలిపడి ఇరుక్కుపోయింది. దానికి నెత్తురు అందడం లేదు. సాయంత్రం దాకా అలాగే ఉంటే చచ్చుబడుతుంది, ఆ తర్వాత మనిషి దక్కడు.

"కరుణమ్మా, థియేటరు సిద్ధం చెయ్యి," అన్నాడు.

"ఒక్క క్షణం," అన్నాడు హయగ్రీవ ప్రసాద్. ఆ వేళ ఆయన పర్యవేక్షణకి వచ్చి ఉన్నాడు. ఆసక్తిగా మంచం దగ్గరికి వచ్చాడు. "జర్మనీ కేసు. మంచిది. ఉద్యోగదాత ఎవరు?"

నూకాలమ్మకి అర్థం కాలేదు. "ఏటి బాబూ?"

"మీ ఆయనకి పని ఇచ్చేవారు ఎవరమ్మా? నిధికి వారి వాటా రావాలి."

"ఇయ్యాల పెళ్ళోరు బాబూ. నిన్న దేవుడి ఊరేగింపుకెల్లినాడు. రేపెవులో నాకేటెరిక?"

"అంటే ప్రతిరోజూ ఉద్యోగదాత మారుతూ ఉంటారన్నమాట." హయగ్రీవ ప్రసాద్ ముఖం వెలిగింది. "చాలా సంక్లిష్టమైన కేసు. ఈ రోజు వరకు చూస్తే, ఉద్యోగదాత పెళ్ళికొడుకు. ఆయన్ని సంప్రదించాలి."

"సార్, టైము లేదు," అన్నాడు సీతాపతి.

"విధానం గదా డాక్టరుగారూ."

నూకాలమ్మ ఫోను నుంచి పెళ్ళివారికి ఫోను చేశారు. పెళ్ళికొడుకు తలంబ్రాల్లో ఉన్నాడు. తండ్రి మాట్లాడాడు. హయగ్రీవ ప్రసాద్ వ్యాధి నిధి గురించీ, ఉద్యోగదాత సామాజిక బాధ్యత గురించీ వివరించాడు. అవతల బాజాల మధ్య ఆయన మాట అందరికీ వినబడింది.

"ఊరేగింపు నాలుగు రోడ్ల కూడలిలో ఉండగా సన్నాయి ఆపీసినాడండీ. డోలొక్కటే మోగింది. సావుకెల్లినట్టెల్లినాం వియ్యంకుడింటికి. మల్లీ ఆడికి వైద్యం కూడా మేవే సేయించాలా? పెట్టీండి ఫోను."

"ఉద్యోగదాత నిరాకరించారు," అని హయగ్రీవ ప్రసాద్ ప్రకటించాడు. "జర్మనీలో వీలుపడదు."

సీతాపతి కోటు విప్పి నీలం అంచుది తొడుక్కున్నాడు. "అయితే బ్రిటన్‌కి మార్చండి. అక్కడ ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు."

"వలసకి అభ్యంతరం లేదు. కానీ అక్కడ శస్త్రచికిత్సకి వరస ఉంది. ముందు వచ్చినవారు చాలామంది ఉన్నారు."

"సార్, ప్రాణం మీదికొచ్చిన వాణ్ణి బ్రిటన్‌లో కూడా వరసలో నిలబెట్టరు. అక్కడికక్కడే కోస్తారు. నాకు తెలిసి ఏ దేశంలోనైనా అంతే."

"ఉండవచ్చు," అన్నాడు హయగ్రీవ ప్రసాద్ నిదానంగా. "అత్యవసర చికిత్సల అధ్యాయం శిక్షణలో రెండో రోజు మధ్యాహ్నం పెట్టారు. నేను రైలు అందుకోవలసి ఉండి భోజనం కాగానే బయలుదేరాను. కనుక ఆ అంశం మన అధ్యయన పరిధిలోకి రాదు."

సీతాపతి ఆయన వంక చూశాడు. ఎగతాళి కాదు. ఆయన నిజంగానే చెబుతున్నాడు.

"కెనడా?" అన్నాడు, ఎర్ర అంచు కోటు చేతిలోకి తీసుకుంటూ.

"కొత్తగా వచ్చినవారు అక్కడ కొంతకాలం నివాసం ఉండాలి. వార్డులో ఒక మంచం ఇప్పిద్దాం. స్థిరపడనివ్వండి."

తవిటయ్య మళ్ళీ వాంతి చేసుకున్నాడు. ఈసారి పచ్చగా వచ్చింది. జరీ కుచ్చుల మీద పడింది. నూకాలమ్మ కొంగుతో మూతి తుడిచి, లేచి, చెవుల కమ్మలు విప్పడం మొదలుపెట్టింది.

"బాబూ, నాలుగోది ఉన్నాది గదా. ఆ జేబే ఇప్పించండి. ఇయి తీసుకోండి. సాలకపోతే ఇది కూడా," అని క్లారినెట్ మంచం మీద పెట్టింది. "ఆడు బతికితే మరోటి కొనుక్కుంటాడు. లేకపోతే ఇది నానేటి సేసుకుంటాను?"

హయగ్రీవ ప్రసాద్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. "శుభం. జేబులో ఎటువంటి ఆటంకమూ లేదు. అయితే వస్తువుల విలువ కట్టించాలి. కమ్మలకి కంసాలి చాలు. వాద్యానికి మాత్రం నిపుణుడు కావాలి. ఊళ్ళో సంగీతం మాస్టారెవరైనా ఉన్నారా?"

సీతాపతి ఆకుపచ్చ కోటు కోసం చెయ్యి చాచి ఆగిపోయాడు. తవిటయ్య క్లారినెట్ వైపు చూడటం లేదు. పెళ్ళాం బోసి చెవుల వైపు చూస్తున్నాడు. ఆ చూపు సీతాపతి భరించలేకపోయాడు. ఈ వార్డులో, ఇదే గుమ్మం దగ్గర, తను ఇన్నాళ్ళూ రంగులు చూసుకుంటూ తిరిగాడు. చేతిలో ఉన్న కోట్లన్నీ చుట్టగా చుట్టి, ఒంటి మీది నీలం కోటు కూడా విప్పి, వాటితో కలిపి హయగ్రీవ ప్రసాద్ చేతుల్లో పెట్టాడు.

"ఇవి కాస్త పట్టుకోండి సార్."

అధికారి అలవాటు కొద్దీ పట్టుకున్నాడు. సీతాపతి, కరుణమ్మ చెరో కొసా పట్టి స్ట్రెచరు తోసుకుంటూ బయలుదేరారు. హయగ్రీవ ప్రసాద్ కోట్ల మోపుతో వెనకాలే పరిగెత్తాడు.

"డాక్టరుగారూ, మీరు ఏ హోదాలో వెళ్తున్నారు?"

"చొక్కాలో వెళ్తున్నాను."

"ఈ వ్యక్తికి ప్రస్తుతం ఏ దేశమూ లేదు. ఇది గమనించండి. పైగా థియేటరు ఈ రోజు కెనడా వంతు."

స్ట్రెచరు లోపలికి వెళ్ళింది. వెనకాలే అడుగు పెట్టబోయిన ఆయన్ని కరుణమ్మ మర్యాదగా ఆపింది. "బూట్లు బయట విప్పాలి సార్. లోపల శుభ్రం ముఖ్యం."

హయగ్రీవ ప్రసాద్ నియమం అంటే గౌరవం ఉన్న మనిషి. కోట్లు బల్ల మీద పెట్టి, వంగి, బూట్ల తాళ్ళు విప్పసాగాడు. తలెత్తేసరికి తలుపు గడియ పడింది.

మత్తు డాక్టరు లేని ఊళ్ళో వెన్నులో మత్తు సూది ఇవ్వడం సీతాపతికి అలవాటే. కోసి లోపల చూస్తే పేగు నల్లగా కమిలిపోయి ఉంది. బిగుసుకున్న చోట వదులు చేసి, వేడి ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ దాని మీద కప్పాడు. ఇక చెయ్యగలిగింది లేదు. రంగు మారితే పేగు బతికినట్టు. మారకపోతే ఆ ముక్క కోసెయ్యాలి, అంత పనికి ఈ థియేటర్లో సరంజామా లేదు, పెద్దాసుపత్రి చేరేదాకా తవిటయ్య ఆగడు. కరుణమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది. బయట హయగ్రీవ ప్రసాద్ తలుపు తడుతూ, ఇందులో తనకు ఎటువంటి ప్రమేయమూ లేదని రికార్డు నిమిత్తం చెబుతున్నాడు.

సీతాపతి గుడ్డ ఎత్తి చూశాడు. నలుపే. మళ్ళీ వేడి గుడ్డ వేసి కాసేపు ఆగాడు. రెండోసారి ఎత్తినప్పుడు ఒక అంచున ఎర్ర జీర కనిపించింది. చూస్తుండగానే ఆ ఎరుపు పాకి, పేగంతా లేత గులాబీ రంగుకి తిరిగి, పురుగు పాకినట్టు నెమ్మదిగా కదిలింది. సీతాపతి మాస్కు లోపల గట్టిగా ఊపిరి వదిలాడు. ఏళ్ళ తరబడి ఎన్నో పేగులు చూశాడుగాని, ఇంత అందమైన పేగుని చూడలేదనిపించింది.

తవిటయ్య బతికాడు. అక్కణ్ణుంచి అసలు సమస్య మొదలైంది.

విచారణకి రాజధాని నుంచి సంఘం వచ్చింది. అధ్యక్షుడు హయగ్రీవ ప్రసాదే. కెనడా వార్డు చివర, ఏ దేశానికీ చెందని నడవాలో తవిటయ్య మంచం వేయించారు. అతన్ని ఏ వార్డులోనూ చేర్చుకోలేదు కాబట్టి డిశ్చార్జి చెయ్యడానికి వీల్లేదు. చేర్చుకోలేదు కాబట్టి ఉంచడానికీ వీల్లేదు. ఈ చిక్కు తేలేదాకా అతనికి గంజి ఇవ్వవచ్చునని తాత్కాలిక ఉత్తర్వు వేశారు.

"మీకు నయమైందా?" అని సంఘం అడిగింది.

"అయినాది బాబూ."

"ఏ విధానం కింద నయమైంది?"

తవిటయ్య ఆలోచించాడు. "నడుం కింద బాబూ."

సభ్యులు తమలో తాము గుసగుసలాడుకున్నారు. నాలుగు విధానాల్లో ఏ ఒక్కదాని కిందా వైద్యం జరగలేదు కాబట్టి, వైద్యం జరగలేదని నమోదు చెయ్యాలని ఒకరన్నారు. వైద్యం జరగకుండా నయమైతే అది దైవం పని అవుతుంది, అప్పుడు ఫైలు దేవాదాయ శాఖకి పంపాలని ఇంకొకరన్నారు. సీతాపతిని సస్పెండు చెయ్యాలన్న విషయంలో మాత్రం అందరూ ఏకీభవించారు. అంతలో ఒక సభ్యుడు అధ్యయన ఫలితాలు తిరగేస్తూ, అన్ని వార్డులూ కలిపి చూస్తే అందరికన్నా త్వరగా కోలుకున్నది ఈ దేశం లేని మనిషేనని బయటపెట్టాడు.

హయగ్రీవ ప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మిత్రులారా, దీని అర్థం ఒక్కటే. ప్రపంచంలో విధానాలు నాలుగు కాదు. ఐదు."

సీతాపతిని లోపలికి పిలిచారు. సస్పెన్షన్ కోసం సిద్ధపడి, భార్యకి ముందే చెప్పి వచ్చిన మనిషికి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చారు.

"ఆ రోజు మీరు అవలంబించిన విధానాన్ని దశలవారీగా వివరించండి."

"రోగిని చూశాను సార్. కోయాలని తెలిసింది. కోశాను."

"చెల్లింపు దశ ఎక్కడ వచ్చింది?"

"రాలేదు సార్. సామాను ఆసుపత్రిది. జీతం ఎటూ ఇస్తున్నారు."

"అర్హతా నిర్ధారణ?"

"నొప్పి ఉంది సార్."

"తర్వాత?"

"కుట్టేశాను."

సభ్యులు గబగబా రాసుకున్నారు. హయగ్రీవ ప్రసాద్ ముందుకు వంగాడు. "ఇది ఏ దేశంలో అమలులో ఉంది డాక్టరుగారూ? మీరు ఎక్కడ నేర్చుకున్నారు?"

ఇదే ఆసుపత్రిలో, మీరు రాకముందు, అని సీతాపతి నోటి చివరిదాకా వచ్చింది. అది అనేస్తే ఏమవుతుందో కూడా తోచింది. ఈ ఆసుపత్రికే ఇంకో రంగు వేస్తారు, ఇంకో కోటు కుట్టిస్తారు. జీవితంలో మొదటిసారి అతను పై అధికారి కళ్ళలోకి నిదానంగా చూశాడు.

"నాకు సరిగ్గా తెలీదు సార్. ఎక్కడో విదేశాల్లోనే ఉండి ఉంటుంది. వెతికి చూడాలి."

"అవును, వెతకాలి," అన్నాడు హయగ్రీవ ప్రసాద్. మిగతా సభ్యుల ముఖాలు కూడా ఒక్కసారిగా కళకళలాడాయి.

మంజూరు వెంటనే వచ్చింది. ఐదో విధానం ఏ దేశంలో అమలులో ఉన్నదో కనుగొనేందుకు ప్రత్యేకాధికారి నాయకత్వంలో బృందం బయలుదేరింది. చలి కోట్లు కూడా ప్రభుత్వమే కొనిచ్చింది. వెళ్ళే ముందు హయగ్రీవ ప్రసాద్ ఉత్తర్వు వేసి వెళ్ళాడు: బృందం తిరిగి వచ్చి నివేదిక సమర్పించేవరకు నాలుగు విధానాలూ నిలిపివేయడమైనది, ఆసుపత్రిలో యథాతథ స్థితి కొనసాగవలెను.

కరుణమ్మ ఉత్తర్వు రెండుసార్లు చదివింది. "యథాతథ స్థితి అంటే ఏ స్థితి సార్?"

"నొప్పితో వచ్చినవాణ్ణి లోపలికి తీసుకురా," అన్నాడు సీతాపతి. "అంతే అనుకుందాం."

మొదట కెనడాలో సొరుగు ఉత్తరాలవాళ్ళకి ఆపరేషన్లయ్యాయి. తర్వాత బ్రిటన్ వరస తరిగింది. గేటు దగ్గరి సంచీని టీ కొట్టు అతను పాలపొడి వేసుకోవడానికి పట్టుకుపోయాడు. తవిటయ్యకి డిశ్చార్జి ఇచ్చే అధికారం ఎవరికీ లేకపోవడంతో అతను ఒకనాటి ఉదయం చెప్పి లేచి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళదాకా గట్టిగా ఊదొద్దన్నాడు సీతాపతి. "మెల్లగా ఊదే పాటలు సావులకే బాబూ. అయ్యే ఒప్పుకుంటాలెండి," అన్నాడు తవిటయ్య. నూకాలమ్మ చెవులకి కమ్మలు ఉన్నాయి. సీతాపతి అది చూసి గాని పక్క మంచం దగ్గరికి వెళ్ళలేదు.

ఒకరోజు థియేటర్లోంచి బయటికి వస్తుంటే ఫోనులో హయగ్రీవ ప్రసాద్ సందేశం కనిపించింది. "డాక్టరుగారూ, ఇప్పటికి మూడు దేశాలు క్షుణ్ణంగా పరిశీలించాం. నొప్పి ఉన్నవారిని వెంటనే చూడటం అన్నిచోట్లా కనిపిస్తోంది గాని, దాన్ని ఎవరూ ప్రత్యేక విధానంగా గుర్తించకపోవడం విచిత్రంగా ఉంది. అవగాహనా లోపం కావచ్చు. ఇక్కడ లభించకపోతే ఉత్తర ధ్రువం వైపు దేశాలు కూడా చూడాలని బృందం అభిప్రాయం. మీ సలహా?"

సీతాపతి వరండాలో నిలబడి, చేతులు తుడుచుకుని, చాలా జాగ్రత్తగా జవాబు రాశాడు.

"తప్పకుండా చూడవలసినదిగా మనవి. దయచేసి తొందరపడవద్దు. అధ్యయనం సమగ్రంగా ఉండాలి సార్."

పంపించి, లోపలికి తొంగి చూసి, తర్వాతి మనిషిని పిలవమన్నాడు.